బేకింగ్ డిష్ కానుకగా ఇస్తున్నారా? ముందు వాళ్ళ ఓవెన్ కొలవండి

మూడేళ్ళ క్రితం గుంటూరులో మా చిన్నాడపడుచు కొత్తింట్లోకి వెళ్ళింది. గృహప్రవేశానికి చీరలూ స్టీలు బిందెలూ అందరూ ఇస్తారు, మనం కాస్త వేరేగా ఇద్దామని మా బెజవాడ బీసెంట్ రోడ్డంతా తిరిగి పెద్ద గాజు బేకింగ్ డిష్ కొన్నాను. రెండు వైపులా చెవులు, ముచ్చటైన మూత. నా చేతిరాతతో నాలుగు వంటకాలు కూడా రాసి పెట్టాను. వారం తిరక్కుండా ఫోన్ వచ్చింది. "వదినా, డిష్ భలే ఉంది గానీ, అది పెడితే మా ఓటీజీ తలుపు పడట్లేదు." ఓటీజీ అంటే గట్టు మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్. ఇప్పుడా డిష్ వాళ్ళ ఫ్రిజ్‌లో ఉంది. అందులో కొత్తిమీర, కరివేపాకు దాచుకుంటోంది. నేను రాసిచ్చిన కాగితాలు ఏమయ్యాయని అడిగే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.

ఆ తర్వాత ఇలాంటి కానుకలు ఇంకో ఐదారు ఇచ్చాను. ఏదీ ఫ్రిజ్ పాలు కాలేదు. అప్పుడు డిష్ చూసి మురిసిపోయి కొన్నాను, వంటకాలు తర్వాత ఆలోచించాను. ఇప్పుడు మొదట వాళ్ళ ఓవెన్, తర్వాత వంటకం, ఆఖర్న డిష్. మీరూ ఇదే వరసలో వెళ్ళండి.

ఓవెన్ ఆరా

వాళ్ళింట్లో ఏముందో ముందు తెలుసుకోవాలి. "మీకు ఓవెన్ ఉందా?" అని అడిగితే సరిపోదు. మనవాళ్ళు మామూలు మైక్రోవేవ్‌నీ ఓవెన్ అనే అంటారు. అందులో అన్నం వేడవుతుంది, కేకు మాత్రం పైన ఎర్రబడదు. ఓటీజీనా, వేడిగాలితో కేకులు కూడా కాల్చే కన్వెక్షన్ మైక్రోవేవా, ఉత్త మైక్రోవేవా, లేక కుక్కర్‌లోనే కేకులు చేస్తారా అన్నది విడమర్చి అడగండి. సర్‌ప్రైజ్ పోతుందని టెన్షన్ పడేవాళ్ళు ఒక పని చేయొచ్చు. "నేనూ ఒకటి కొందామనుకుంటున్నాను, లోపల ఎంతుంటుందో టేపు పెట్టి ఫోటో తీసి పంపవా" అనండి. ఎవరూ అనుమానపడరు.

ఓటీజీ అయితే లోపలి వెడల్పు, లోతు, ఎత్తు మూడూ కావాలి. పెట్టె మీద రాసే 19 లీటర్లు, 28 లీటర్లు అన్న లెక్క మనకు పనికిరాదు. లోపలి వెడల్పులో ఒక్కో వైపు కనీసం 2 సెంటీమీటర్లు ఖాళీ వదలాలి. వేడిగాలి డిష్ చుట్టూ తిరగడానికి చోటు లేకపోతే అంచులు మాడి నడుమ పిండి పిండిగా ఉంటుంది. డిష్ కొలిచేటప్పుడు చెవులతో కలిపి కొలవండి. నేను బోల్తా పడింది ఇక్కడే. డిష్ అడుగున 13 అంగుళాలు అని రాసి ఉంది, చెవులతో కలిపితే 15 దాటింది. చిన్న ఓటీజీలో అంత వెడల్పు ఎక్కడిది?

కన్వెక్షన్ మైక్రోవేవ్‌లో పళ్ళెం గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి నలుపలకల డిష్ అయితే పొడవు కాదు, మూల నుంచి మూలకు కొలవాలి. 20 సెంటీమీటర్ల చదరపు డిష్‌కి మూలకు మూల 28 సెంటీమీటర్లు పైనే వస్తుంది. అది తిరిగేటప్పుడు గోడకు తగిలిందంటే పళ్ళెం ఆగిపోతుంది, కేకు ఒకవైపే ఉడుకుతుంది. అలాంటి వాళ్ళకు గుండ్రటి డిష్ ఇవ్వడం సుఖం. ఇంకో సంగతి, కన్వెక్షన్ మోడ్‌లో లోహపు టిన్ను పెట్టొచ్చు గానీ మైక్రోవేవ్ మోడ్‌లో పెట్టకూడదు. ఆ ఇంట్లో పిల్లలో పెద్దవాళ్ళో మోడ్ చూసుకోకుండా బటన్ నొక్కేసేవాళ్ళుంటే గాజే ఇవ్వండి.

ఓవెన్ లేనివాళ్ళకూ ఈ కానుక ఇవ్వొచ్చు. 5 లీటర్ల కుక్కర్‌లో దిగే 6 అంగుళాల గుండ్రటి అల్యూమినియం టిన్ను చాలు. అడుగున ఉప్పు పరిచి, స్టాండు పెట్టి, గాస్కెట్టూ విజిలూ తీసేసి సన్నసెగ మీద చేసుకుంటారు. కుక్కర్‌లోకి గాజు డిష్ మాత్రం వద్దు.

గాజా, లోహమా, పింగాణీయా

కొట్టువాడు మూడూ మంచివే అంటాడు. అబద్ధం కాదు, కానీ మూడూ ఒకే పనికి కాదు.

గాజుతో మొదలుపెడతాను. 1913లో అమెరికాలో బెస్సీ లిటిల్‌టన్ అనే ఆవిడ వంటగిన్నె పగిలిపోయిందని వాళ్ళాయన్ని ఏదైనా తెమ్మంది. ఆయన కార్నింగ్ గాజు కంపెనీలో శాస్త్రవేత్త. గాజు బ్యాటరీ జాడీల అడుగుభాగాలు కోసి తెచ్చిచ్చాడు. ఆవిడ అందులో కేకు చేసింది. గాజు పగల్లేదు, కేకు సమంగా కాలింది, పైగా అంటుకోకుండా వచ్చింది. 1915కల్లా పైరెక్స్ పేరుతో వంటపాత్రలు బజారులోకి వచ్చాయి. ఆ గాజు బోరోసిలికేట్. వేడికి మామూలు గాజు ఎంత వ్యాకోచిస్తుందో ఇది అందులో మూడోవంతు మాత్రమే వ్యాకోచిస్తుంది, అందుకే సెగ మారినా తట్టుకుంటుంది. ఇప్పుడు బజారులో దొరికే ప్రతి గాజు డిష్షూ బోరోసిలికేట్ కాదు. కొన్ని మామూలు గాజును గట్టిపరిచి చేసినవి. చూపుకు రెండూ ఒకటే. పెట్టె మీద బోరోసిలికేట్ అన్న మాటా, ఓవెన్‌లో పెట్టొచ్చన్న గుర్తూ ఉన్నాయేమో చదవండి. లేకపోతే వదిలేయండి, ఎంత చవకైనా సరే.

బోరోసిలికేట్ కదా అని మొరటుగా వాడితే అదీ పగులుతుంది. నా మొదటి డిష్ అలాగే పోయింది. ఓవెన్‌లోంచి తీసి, అప్పుడే తుడిచిన తడి గ్రానైట్ గట్టు మీద పెట్టాను. టప్పున ఒక్క చప్పుడు, వంకాయలూ గాజుముక్కలూ కలిసిపోయాయి. తప్పు డిష్‌ది కాదు, నాది. అందుకే గాజు డిష్ ఇచ్చిన ప్రతిసారీ ఒక చెక్కపీటో, మందపాటి గుడ్డో జతచేస్తాను. ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా వేడి ఓవెన్‌లో పెట్టొద్దని చీటీ మీద పెద్ద అక్షరాలతో రాస్తాను. ప్లాస్టిక్ మూత ఓవెన్‌లోకి పోదన్నది కూడా రాయండి, తెలిసిన విషయమే అనుకోవద్దు.

గాజు నిదానంగా వేడెక్కుతుంది, ఎక్కిన వేడిని పట్టుకుని ఉంటుంది. టిన్నుకు రాసిన వంటకం గాజులో చేస్తే వేడి 15 డిగ్రీలు తగ్గించి, సమయం ఐదు పది నిమిషాలు పెంచుకోవాలి. అలా చేయకపోతే నడుమ ఉడికేలోపు అంచులు గట్టిపడతాయి.

లోహమంటే మన దగ్గర అల్యూమినియమే. చవక, తేలిక, పగిలే భయం లేదు, కేకులకు ఇంతకంటే మంచిది లేదు. వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ వైపు సందుల్లో గిన్నెల కొట్ల దగ్గర మందంగా ఉన్నవి చేత్తో పట్టుకుని చూసి కొనుక్కోవచ్చు. వేలితో నొక్కితే సొట్టపడేంత పల్చనివి తీసుకోకండి. నల్లటి నాన్‌స్టిక్ టిన్నుల్లో అడుగు తొందరగా మాడుతుంది. పైగా మన ఇళ్ళల్లో స్టీలు పీచు పడని గిన్నె ఉండదు, ఆ పూత ఆరు నెలలు నిలిస్తే గొప్ప. సిలికాన్ అచ్చుల మీద నాకు మొదట్నుంచీ గురి లేదు. పిండి పోసి ఎత్తితే అరటాకులా వంగిపోయే దాన్ని ఎవరికైనా ఎలా ఇస్తాం?

అల్యూమినియంతో ఒక్క జాగ్రత్త ఉంది. చింతపండు, గోంగూర, టమాటా లాంటి పుల్లటివి అందులో వండి నిలవుంచకూడదు. లోహం రుచి వస్తుంది, గిన్నె నల్లబడుతుంది. కేకు పిండిలో పెరుగు ఉన్నా వెంటనే కాల్చేసి బయటికి తీసేస్తాం కాబట్టి ఫరవాలేదు. పులుపున్న వంటకాలు రాసిచ్చేటట్లయితే డిష్ గాజుదో పింగాణీదో అయి ఉండాలి.

పింగాణీ డిష్‌లు అందంగా ఉంటాయి, టేబుల్ మీద అలాగే పెట్టి వడ్డించొచ్చు. బరువెక్కువ, గుంటూరు బస్సులో ఒళ్ళో పెట్టుకుని వెళ్ళేవాళ్ళకు నేను చెప్పను. ఓవెన్‌లో పెట్టొచ్చని రాసి లేనిది, పూత గీరుకుపోయి ఉన్నది, కేవలం అలంకారానికి చేసినది తీసుకోవద్దు.

సైజు లెక్క

వంటకంలో 8 అంగుళాల చదరం అని ఉంటే 8 అంగుళాల గుండ్రం సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సరిపోదు. చదరం వైశాల్యం 64 చదరపు అంగుళాలు, గుండ్రం 50 మాత్రమే. పిండి పైకి లేచి పొంగుతుంది. 8 చదరానికి సమానం కావాలంటే 9 అంగుళాల గుండ్రం తీసుకోండి.

నలుగురుండే ఇంటికి 8 అంగుళాల చదరం, 2 అంగుళాల ఎత్తు ఉన్న డిష్ అన్నిటికీ పనికొస్తుంది. సుమారు 2 లీటర్లు పడుతుంది. ఇద్దరే ఉంటే లీటరుది చాలు. కొన్నాక ఇంట్లో ఒకసారి లీటరు సీసాతో నీళ్ళు పోసి కొలవండి. అంచు వరకు ఎంత పట్టిందో వంటకం చీటీ మీద రాసిపెట్టండి. కేకు పిండి అందులో మూడింట రెండొంతులు మించకూడదు. ఈ ఒక్క అంకె ఉంటే ఆవిడ రేపు ఎక్కడ ఏ వంటకం చూసినా తన డిష్‌లో పడుతుందో లేదో చెప్పుకోగలదు.

వంటకాలు

ఇక అసలు సంగతి. నాలుగు రాయొద్దు, మూడు చాలు. ఆ మూడూ మీరు ఇవ్వబోయే డిష్‌లోనే, లేదా అచ్చంగా అలాంటి దానిలోనే, మీ ఇంట్లో చేసి చూసి ఉండాలి. ఫోన్‌లో చూసిన వంటకాన్ని కాపీ చేసి ఇస్తే ఆ మాట ఆవిడ ఫోనే చెప్తుంది, మన చీటీ ఎందుకు?

వాళ్ళు ఏం తింటారో కూడా అడగాలి. కోడిగుడ్డు తింటారా, తిన్నా కేకులో ఇష్టపడతారా, కార్తీకంలో ఉల్లి వెల్లుల్లి మానేస్తారా. గుణదలలో మా స్నేహితురాలికి క్రిస్మస్ ముందు ఇచ్చినప్పుడు గుడ్డు కేకు రాశాను, మా ఆడపడుచుకు గుడ్డు లేనిది. వేసవిలో ఇచ్చేటట్లయితే వెన్నతో చేసేవి రాయకండి. మే నెలలో బెజవాడ వంటింట్లో వెన్న గిన్నెలోకి తీసేలోపే నూనె అయిపోతుంది. నూనెతో చేసేవే నయం.

నేను ఎక్కువగా ఇచ్చేవి ఇవి.

మొదటిది అరటిపండు బెల్లం కేకు. 8 అంగుళాల చదరానికి లెక్క చెప్తున్నాను. బాగా మగ్గిన, తొక్క మీద నల్లమచ్చలు వచ్చిన చక్కెరకేళి పళ్ళు తొక్క తీసి 300 గ్రాములు, గోధుమపిండి 200 గ్రాములు, బెల్లం 150 గ్రాములు, పుల్లటి పెరుగు 120 మి.లీ., వాసన లేని నూనె 100 మి.లీ., వంటసోడా ఒక చెంచా సమంగా, బేకింగ్ పౌడర్ అర చెంచా, ఏలకుల పొడి అర చెంచా, చిటికెడు ఉప్పు, గుప్పెడు జీడిపప్పు ముక్కలు. బెల్లంలో ఇసుక ఉంటుంది కాబట్టి మూడు చెంచాల నీళ్ళలో కరిగించి, వడగట్టి, పూర్తిగా చల్లార్చాలి. వేడి బెల్లంలో పెరుగు వేస్తే విరిగిపోతుంది. పళ్ళు మెత్తగా మెదిపి, బెల్లం, పెరుగు, నూనె కలపండి. పిండి, సోడా, బేకింగ్ పౌడర్ జల్లించి అందులో వేసి, పొడిపిండి కనిపించనంత వరకు కలిపి ఆపేయండి. చపాతీ పిండిలాగా మర్దిస్తే కేకు రబ్బరులా సాగుతుంది. సోడాకు పెరుగులో పులుపు తగలగానే బుడగలు మొదలవుతాయి, అందుకే కలిపిన పిండిని పక్కనపెట్టి టీవీ చూడకూడదు. ముందే వేడెక్కిన ఓవెన్‌లో టిన్ను అయితే 170 డిగ్రీల దగ్గర 35 నుంచి 40 నిమిషాలు. గాజు అయితే పైన చెప్పినట్టు 155 డిగ్రీలు, ఇంకాస్త ఎక్కువసేపు. చీపురుపుల్లతో గుచ్చొద్దు, మా అత్తగారు అలాగే గుచ్చేవారు. టూత్‌పిక్ పెట్టండి, పొడిగా రావాలి.

రెండోది దిబ్బరొట్టె. మా ఇంట్లో అందరికీ ఇదే ఇష్టం, కానుక విప్పినవాళ్ళు చీటీ చూసి నవ్వేదీ దీనికే. ఓవెన్‌లో దిబ్బరొట్టె ఏమిటని అడుగుతారు. మూకుడులో నూనె పోసి, పిండి పోసి, మూతపెట్టి, సన్నసెగ మీద ముప్పావు గంట కాపలా కాసే పనే ఇది. ఆ కాపలా ఓవెన్‌కి అప్పజెబుతున్నాం, అంతే.

మినప్పప్పు ఒక కప్పు, బియ్యపు రవ్వ రెండు కప్పులు. పప్పు నాలుగు గంటలు నానబెట్టి, వీలైనంత తక్కువ నీళ్ళతో గట్టిగా, మెత్తగా రుబ్బాలి. రవ్వ రెండు మూడుసార్లు కడిగి, గంట నాననిచ్చి, నీళ్ళు గట్టిగా పిండేసి, పప్పు పిండిలో కలపాలి. ఇడ్లీ పిండి కంటే గట్టిగా ఉండాలి. మూడు నాలుగు గంటలు మూతపెట్టి ఉంచండి, చలికాలమైతే రాత్రంతా. పోసే ముందు చెంచాన్నర ఉప్పు, ఒక చెంచా జీలకర్ర. ఇప్పుడు 8 అంగుళాల టిన్నులో ఐదు పెద్ద చెంచాల నూనె పోసి ఖాళీ టిన్ను ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర ఎనిమిది నిమిషాలు వేడిచేయాలి. మందపాటి గుడ్డతో బయటికి లాగి పిండి పోస్తే చుయ్యిమనాలి. ఆ చప్పుడు రాకపోతే అడుగు ఎర్రగా రాదు, మళ్ళీ లోపల పెట్టండి. పోశాక 45 నుంచి 50 నిమిషాలు, కింది అరలో. పైన ఎర్రబడకపోతే చివరి ఐదు నిమిషాలు పై కడ్డీ వేయండి. పది నిమిషాలు ఆగి పళ్ళెంలోకి బోర్లించండి. చెరకు పానకంతో తింటారా, అల్లం పచ్చడితో తింటారా అన్నది వాళ్ళిష్టం. మా ఇంట్లో ఈ విషయం మీద రెండు పార్టీలున్నాయి.

ఈ వంటకం గాజు డిష్‌లో చేయకూడదు. కాలిపోయే గాజు మీద చల్లటి పిండి పడిందా, పగిలే ప్రమాదం ఉంది. అంటే దిబ్బరొట్టె రాసిచ్చే పక్షంలో మీరు కొనేది అల్యూమినియమే కావాలి. వంటకం తేల్చాక డిష్ కొనమన్నది ఇందుకే.

మూడోది జున్ను. ఇది గాజు డిష్‌కి పుట్టినట్టే ఉంటుంది, అందులోనే చేసి అందులోనే ముక్కలు కోసి పెట్టొచ్చు. జున్నుపాలు బజారులో ఎప్పుడూ దొరికేవి కాదు, పాలవాడికి చెప్పి ఉంచుకోవాలి, అందుకని చీటీలో దీన్ని ఆఖర్న పెట్టండి. మొదటిరోజు పాలైతే ఒక కప్పుకు మామూలు పాలు కప్పున్నర, రెండో రోజువైతే అరకప్పు కలిపితే చాలు. బెల్లం తురుము ముప్పావు కప్పు, మిరియాల పొడి అర చెంచా, ఏలకులు. బెల్లం పాలల్లోనే కరిగించి వడగట్టి, లీటరు గాజు డిష్‌లో పోయాలి. దాన్ని ఇంకో పెద్ద ట్రేలో పెట్టి, డిష్ సగం మునిగే దాకా గోరువెచ్చటి నీళ్ళు పోసి 160 డిగ్రీల దగ్గర 45 నుంచి 50 నిమిషాలు. ఊపితే అంచులు కదలకుండా నడుమ కొంచెం ఊగాలి, చల్లారాక అదే బిగుసుకుంటుంది. నీళ్ళ ట్రే లేకుండా చేస్తే బుడగలు వచ్చి స్పాంజిలా అయిపోతుంది. లీటరు డిష్, దాన్ని పట్టే ట్రే రెండూ ఓవెన్‌లో దిగాలని మరిచిపోకండి, మళ్ళీ టేపే శరణ్యం.

చీటీ ఎలా రాయాలి

ఇక్కడ చాలామంది తొందరపడతారు. వంటకం చీటీ అంటే మనకు మనం రాసుకునే గుర్తులు కావు. మా అత్తగారు గిద్దలూ సోలలూ అని చెప్పేవారు, సోలకు నాలుగు గిద్దలన్నది కూడా నాకు పెళ్ళయిన ఏడాదికి గానీ తెలియలేదు. మీరు కప్పు అని రాస్తే ఆవిడ ఏ కప్పు తీస్తుందో మీకు తెలీదు. ఒకరింట్లో టీ కప్పు, ఇంకొకరింట్లో హార్లిక్స్ కప్పు. గ్రాములు, మి.లీ.ల్లో రాయండి, లేదంటే మీరు వాడిన కప్పు లాంటిదే ఒకటి కానుకలో పెట్టండి. చెంచా కూడా అంతే.

ప్రతి చీటీ మీదా ఈ నాలుగూ ఉండాలి: ఏ డిష్, ఓవెన్‌లో ఏ అర, ఎన్ని డిగ్రీలు, అయిందని ఎలా తెలుస్తుంది. చివరిది అన్నిటికంటే ముఖ్యం. ఒకే 170 డిగ్రీలు ఒక ఓవెన్‌లో 160 లాగా, ఇంకో దాంట్లో 185 లాగా కాలుస్తుంది, అందుకే నిమిషాల మీదే ఆధారపడితే దెబ్బతింటాం. వాసన ఎలా వస్తుంది, అంచు డిష్‌ని ఎప్పుడు వదులుతుంది, అది రాయండి. అడుగున రెండు గీతలు ఖాళీగా వదలండి, ఆవిడ రాసుకోవడానికి.

కంప్యూటర్‌లో కొట్టించుకోవచ్చు గానీ చేతిరాతే బాగుంటుంది. మంచి మందం కాగితం మీద రాసి, జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించండి. ఆ ఖాళీ గీతల మీద రాయాలంటే అక్కడ తెల్ల స్టిక్కరు అంటించండి. లామినేషన్ లేని చీటీ మన వంటింట్లో నెల తిరిగేసరికి పసుపు, నూనె మరకలతో చదవడానికి లేకుండా పోతుంది. లామినేషన్‌కి ముందే ఫోటో తీసి ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.

జతగా ఏం పెట్టాలి

ఖాళీ గిన్నె ఎవరి చేతిలోనూ పెట్టం కదా. పక్కింటివాళ్ళ గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు కూడా అందులో నాలుగు పళ్ళో, పిడికెడు బెల్లమో వేసి ఇస్తాం. అలాంటిది కానుక డిష్ ఖాళీగా ఎలా ఇస్తాం? మొదటి వంటకానికి కావలసిన పొడి సరుకులు తూచి, పొట్లాలు కట్టి డిష్‌లోనే పెట్టండి. గోధుమపిండి ఒక పొట్లం, జీడిపప్పు ఒకటి, ఏలకులు ఒకటి, సోడా, బేకింగ్ పౌడర్ చిన్న కాగితపు పొట్లాల్లో విడివిడిగా. సోడాని పిండిలో కలిపి పెట్టేయకండి. వర్షాకాలంలో తేమ పీల్చి గడ్డకడుతుంది. బెల్లం గాలి చొరని చిన్న డబ్బాలో. పిండి తాజాగా ఆడించినదై ఉండాలి, పది పదిహేను రోజుల్లో వాడేయమని రాయండి.

సోడా పాతదేమో చూడటానికి చిటికెడు నిమ్మరసంలో వేయండి, బుస్సుమని పొంగాలి. బేకింగ్ పౌడర్ అయితే వేడినీళ్ళలో వేసి చూడాలి.

డిష్‌తో పాటు బటర్ పేపర్ ఇవ్వాలనుకుంటే ఓవెన్‌కి పనికొచ్చేదేనా అని కొట్లో అడగండి. స్వీటు షాపుల్లో చుట్టే బటర్ పేపరూ, ఓవెన్‌లో పరిచే పార్చ్‌మెంట్ కాగితమూ ఒకటి కాదు. మొదటిది ఓవెన్ వేడికి అంటుకుపోతుంది, పొగ వస్తుంది. లేకపోయినా నెయ్యి రాసి పిండి చల్లితే పని జరిగిపోతుంది.

స్టీలుకో అల్యూమినియానికో అయితే పేరు వేయించొచ్చు. గిన్నెల కొట్ల దగ్గరే మిషన్‌తో పేరు వేస్తారు. మన గిన్నెలన్నిటి మీదా పేర్లు ఉంటాయి కదా, ఈ డిష్ మాత్రం ఎందుకు ఊరకుండాలి? బయటివైపు మాత్రమే వేయించండి. లోపల వేయిస్తే కేకు మీద తిరగేసి అచ్చుపడుతుంది, ఒకసారి అయింది మా ఇంట్లో. పూత ఉన్న టిన్ను మీద అసలు వద్దు.

కట్టి, చేరవేయడం

రంగురంగుల కాగితంలో చుట్టి రిబ్బను కట్టించుకునేవాళ్ళు ఉంటారు, అది చించేసి పారేస్తారు. నేను మంగళగిరి నేత గుడ్డలో మూట కడతాను. మంగళగిరి మన దారిలోనే కదా, చిన్న తువ్వాలో, గజంన్నర నూలు బట్టో చాలు. బట్టను మూలవాటుగా పరిచి, నడుమ డిష్ బోర్లా కాకుండా మామూలుగా పెట్టి, ఎదురెదురు మూలలు ముడి వేయాలి. రెండు ముడులూ పైన కలిస్తే పట్టుకోవడానికి చెవిలా వస్తుంది. డిష్ తీశాక ఆ గుడ్డ వేడి టిన్ను పట్టుకోవడానికి పనికొస్తుంది.

గాజు అయితే ముందు డిష్ లోపల పొట్లాలు కదలకుండా ఒక పాత కాటన్ గుడ్డ కుక్కండి. మూతకూ డిష్‌కీ మధ్య అట్టముక్క పెట్టండి, లేకపోతే గుంటూరు రోడ్డు కుదుపులకు టకటకమని కొట్టుకుని అంచు విరుగుతుంది. బస్టాండులో లగేజీ డిక్కీలో వేయకండి, ఒళ్ళో పెట్టుకోండి. ముప్పై, ముప్పై అయిదు కిలోమీటర్లే కదా.

చేసిన కేకు కూడా డిష్‌లోనే పెట్టి ఇద్దామనుకునేవాళ్ళు పూర్తిగా చల్లారేదాకా మూత పెట్టొద్దు. ఆవిరి పట్టి మర్నాటికే బూజు వాసన కొడుతుంది, ముఖ్యంగా బెల్లం కేకు. పొద్దున్నే చేసి సాయంత్రం తీసుకెళ్ళండి.

బిల్లు పారేయకండి, ఒక నెల మీ పర్సులో ఉంచుకోండి. పది రోజుల తర్వాత ఫోన్ చేసి, బాగుందా అని కాకుండా, ఎన్ని నిమిషాలు పట్టిందని అడగండి. మొన్న సంక్రాంతికి మా ఆడపడుచుకు చిన్న టిన్ను ఒకటి మళ్ళీ ఇచ్చాను, ఈసారి కొలిచి. "వదినా, నువ్వు 40 అన్నావు, మా దాంట్లో 48 పడుతోంది" అని ఫోన్ చేసింది. నా దగ్గరున్న కాపీలో పక్కన 48 అని రాసుకున్నాను.